వైరున్నదా, వైరు లేనిదా

పటమటలో మా వీధివాళ్ళు ఏ వస్తువు కొనాలన్నా ముందు మా ఆయన్ని అడగాల్సిందే. గొప్ప కోసం చెప్పడం లేదు, విసుగొచ్చి చెబుతున్నాను. బ్లాక్ అండ్ వైట్ టీవీ అమ్మేసి కలర్‌ది కొనాలా, ఇంకో ఏడాది ఆగాలా? మిక్సీ మేలా, గ్రైండరు మేలా? తొంభైల్లో ఇలాంటివన్నీ మా వరండాలోనే తేలేవి. మా ఆయన పేరు ఇశ్రాయేలు. ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు గానీ ఆయన అసలు ఉద్యోగం మాత్రం ఇదే. జీతం లేదు సరికదా, వచ్చినవాళ్ళకి కాఫీలు పెట్టలేక నా ప్రాణం పోయేది.

ఆయన అడిగేవి రెండే. ఎంత? ఎంతమంది వాడుతున్నారు? షాపువాడు చెప్పేది చచ్చినా నమ్మడు. ఆ వస్తువు కొన్నవాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, మూత తీసి, వెనక్కి తిప్పి, తట్టి చూసి, "మళ్ళీ కొనమంటే ఇదే కొంటారా?" అని అడిగి వాళ్ళ మొహంలోకి చూస్తాడు. నోరు అబద్ధం చెప్పినా మొహం చెప్పదంటాడు. సెల్‌ఫోన్లొచ్చిన కొత్తలో ఒక కంపెనీ సెట్టు దాదాపు ఊరికే ఇస్తోందని పక్కింటి హబీబ్ గారు గవర్నర్‌పేటలో తన బ్యాగుల షాపుకి నాలుగు కొనబోయాడు. "ఆగండి, ఆ సెట్టులో ఇంకో కంపెనీ సిమ్ము పనిచెయ్యదు. ఇవాళ చవక, రేపు జైలు" అని ఈయన ఆపాడు. ఇప్పటికీ హబీబ్ గారి భార్య మెహబూబ్ బీ, "అన్నయ్యగారి మాట వినబట్టి బతికాం వదినా" అంటుంది.

ఊరందరికీ సలహాలు చెప్పే ఈ మహానుభావుడి సొంతింటికి మాత్రం ప్రతిదీ ఆఖర్న వచ్చేది. వాషింగ్ మిషను సంగతి చూడండి. సెమీ ఆటోమేటిక్కా, ఫుల్ ఆటోమేటిక్కా అని ఆయన సర్వే మొదలుపెట్టి ముగించేసరికి వీధిలో కొన్నవాళ్ళవి పాతబడి రెండోది కొన్నారు. ఈలోగా మా దుప్పట్లన్నీ ఉతికింది ఎవరు? నేను.

అంత అడిగి తెలుసుకునే మనిషికి రిటైరయ్యాక చెవులు మొరాయించాయి. వాళ్ళ నాన్నకీ అంతే, వాళ్ళ పెద్దనాన్నకీ అంతే. మొదట గడియారం టిక్కుటిక్కు పోయింది. తర్వాత కుక్కరు కూత పోయింది. ఆ తర్వాత నేను పోయాను.

పోయానంటే, నా మామూలు గొంతు పోయింది. ఏం చెప్పాలన్నా అరవాలి. మాకూ హబీబ్ గారికీ మధ్య ఒకటే గోడ. నేను ఇటు "ఏమండీ, ఉప్పు నిండుకుందీ" అని అరిస్తే ఈయన పేపర్లోంచి తలెత్తడు గానీ గోడ మీంచి మెహబూబ్ బీ ఉప్పు గిన్నె అందిస్తుంది. ఒకసారి విరేచనాల మాత్ర ఎక్కడ పెట్టారని అరిచాను. సాయంత్రానికి నలుగురు పలకరించడానికి వచ్చారు, ఒకావిడ దానిమ్మకాయలు కూడా తెచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

నవ్వొస్తోందా? నాకూ మొదట్లో నవ్వే వచ్చింది. రానురాను అరిచి చెప్పగలిగిన మాటలే మిగిలాయి మా మధ్య. బియ్యం, గ్యాసు, కరెంటు బిల్లు. మాకు పిల్లల్లేరు, ఇద్దరమే. మొగుడూ పెళ్ళాల మాటల్లో సగం గొంతు తగ్గించి చెప్పుకునేవే కదండీ. పక్కింటివాళ్ళ మీద చాడీలు, పొద్దుటి కల, ఊరికే ఒక దిగులు. అవన్నీ నా గొంతులోనే ఉండిపోయేవి.

అప్పుడే నా ఎడమ కన్ను మసకబారింది. రెండు వేల ఏడు, వానలు వెనకబట్టిన రోజులు. మా చర్చి స్కూల్లో ఉచిత కంటి శిబిరం పెడితే నేనొక్కదాన్నే వెళ్ళి చూపించుకున్నాను. ఆ డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసి, "లోపల ప్రెషరుందమ్మా. పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఆలస్యం చేస్తే పోయిన చూపు మళ్ళీ రాదు. ఇంట్లోవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళండి" అంది.

ఇంట్లోవాళ్ళంటే ఎవరు? ఈయనే. ఈయనకి ఎలా చెప్పను? "ఏమండీ, నా కన్ను పోతోందీ" అని వీధి వీధంతా వినేలా అరవనా? భయపడ్డ మాట అరిచి చెప్పలేమండీ, నోరు రాదు. చీటీ రాసివ్వొచ్చుగా అంటారేమో. నా మొగుడికి నేను చీటీ రాసివ్వాలా, అర్జీ పెట్టుకుంటున్నానా? అయినా ఆయన సంగతి నాకు తెలుసు. చీటీ చూడగానే ఏ ఆసుపత్రిలో ఎంత, ఎంతమంది చేయించుకున్నారు అని సర్వేకి బయల్దేరతాడు. నాకు కావాల్సింది అది కాదు. ఆయన పక్కన కూర్చుని, మెల్లగా, భయమేస్తోందండీ అంటే ఆయనకి వినపడాలి. అంతే.

అందుకని ముందు ఆయన చెవుల పని పట్టాను.

"చెవి మిషను కొనుక్కోండీ!" అని ఒక పొద్దున బలమంతా పెట్టి అరిచాను.

"చూద్దాం. ఎంత? ఎంతమంది వాడుతున్నారు?" అన్నాడు.

చూశారా? సరే, గవర్నర్‌పేటకి వెళ్ళొచ్చాడు. వచ్చి వరండాలో కూర్చుని నాకు పాఠం చెప్పాడు. మిషన్లు రెండు రకాలు. ఒకటి జేబులో పెట్టుకునే డబ్బా, దాన్నుంచి చెవికి వైరు. రెండు వేల లోపు. మామూలు పెన్సిల్ బ్యాటరీ వేస్తే నెలంతా వస్తుంది. రెండోది వైరు లేనిది, చెవి వెనక తగిలించుకునేది. తొమ్మిది వేలు. దాని బ్యాటరీ బొత్తాం అంత, పది రోజులకే అయిపోతుంది, అదీ ఖరీదే.

"ఏదో ఒకటి తీసుకోండీ!"

"తొందరపడకు. షాపువాడు నెలకి పాతిక దాకా అమ్ముతున్నానన్నాడు. కొన్నవాళ్ళ అడ్రసులివ్వు, వెళ్ళి అడుగుతానన్నాను. 'అయ్యో, వాళ్ళు చెప్పుకోరండీ, ఇస్తే నన్ను తిడతారు' అన్నాడు. నెలకి పాతికమంది కొంటే ఈ ఊళ్ళో నాకు ఒక్కడూ కనపడడేం? ఏదో మోసం ఉంది అమలా."

ఎవరో చెప్పారని బస్సెక్కి ఉయ్యూరు కూడా వెళ్ళాడు. అక్కడ ఒకాయన మిషను వాడుతున్నాడట. ఈయన గేటు తియ్యగానే ఆ పెద్దమనిషి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని లోపలికి వెళ్ళి, ఉత్త చెవితో బయటికొచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి మాట ఒకరికి వినపడక అరగంట మాట్లాడుకున్నారు. చివరికి ఆ ఇంటి కోడలొచ్చి, "మావయ్యగారి చెవులకేం లేదండీ, బ్రహ్మాండంగా ఉన్నాయి" అని పంపించేసింది.

ఆ తర్వాత మా సంఘం సెక్రటరీ ఆమోసు గారిని అడిగాడు. ఆయనకి ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలని సంఘమంతటికీ తెలుసు. "మీరేమన్నా మిషను వాడుతున్నారా?" అనేసరికి ఆమోసు గారికి ఒళ్ళు మండిపోయింది. "నా చెవులకేమయ్యా? చీమ నడిచినా వినపడుద్ది!" అని చేతిలో బైబిలు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ మా ఆయనంటే గుర్రుగా ఉన్నాడు.

"ఎవరూ వాడని వస్తువు. ధర సంగతి తర్వాత, దీనికి జనాదరణే లేదు" అని మా ఆయన తేల్చేశాడు. నేను తల పట్టుకున్నాను. అందరూ దాచుకునే వస్తువుకి లెక్క ఎలా తేలుతుందండీ? ఈయనా దాచుకునే రకమే, ఆ సంగతి మాత్రం ఆయనకి తట్టలేదు.

అలా మూడు నెలలు గడిచిపోయాయి. ఒకరోజు బెంజి సర్కిల్ నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "దొరికింది అమలా! సర్కిల్లో అరగంట నిలబడి చూశాను. కుర్రాళ్ళందరి చెవుల్లో వైర్లే! సెల్లులో ఎఫ్.ఎం. వింటున్నారు, పాటలు వింటున్నారు. ఆడపిల్లలు కూడాను. వైరున్నదే కొంటాను. నన్ను చూసినవాడు పాటలు వింటున్నాడనుకుంటాడు గానీ చెవిటోడనుకోడు. చవకా, జనంలో వాడకమూ, రెండూ దానికే ఉన్నాయి."

దేవుడా, ఏ దారినైతేనేం, కొంటే చాలు అనుకున్నాను. ఆ సాయంత్రమే కొనుక్కొచ్చాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా, పక్కన తిప్పే చక్రం, సన్నటి వైరు. వీధిలో అందరికీ రేడియో అని చెప్పాడు. గోడవతల నా అరుపులన్నీ విన్న మెహబూబ్ బీ కూడా ఆయన మర్యాద కోసం నమ్మినట్టే, "మా ఆయనక్కూడా ఒకటి చెప్పండన్నయ్యగారూ, వార్తలు వింటాడు" అంది. ఆవిడ మామూలుగా అన్న మాట ఈయనకి ఒక్కసారికే వినపడింది. ఇంక ఇంట్లోకి వెళ్ళగానే చెప్పేద్దామని, కాళ్ళు కడుక్కుని, కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన పక్కన కూర్చున్నాను.

ఆయన వైరు పీకేసి, డబ్బాని జాగ్రత్తగా బీరువాలో పెట్టాడు.

"అదేంటండీ!"

"ఇంట్లో మనిద్దరమేగా. బ్యాటరీ దండగ."

ఆ రోజు నేను అరవలేదు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి, బజారు మాటలు వినడానికి డబ్బు పెట్టి మిషను కొన్నాడు. నా మాట వినడానికి పెన్సిల్ బ్యాటరీ దండగట! మర్నాడు గొడవపడ్డాను కూడా. "ఇంట్లోనూ పెట్టుకోండీ!" అని నేను అరిస్తే, "నువ్వు చెప్పేది నాకు బాగానే వినపడుతోందిగా" అన్నాడు. అరుస్తున్నాను మరి, వినపడదూ!

కొత్త సంవత్సరం వచ్చింది. ఆస్ట్రేలియాలో మనవాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. అక్కడ మ్యాచి మనకి పొద్దున పూట వస్తుంది, సరిగ్గా ఆరాధన వేళకి. ఆ ఆదివారం మా ఆయన మగవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుని, చెవిలో వైరు, జేబులో డబ్బా, పాస్టరు గారి వాక్యం వింటున్నాడు. మధ్యమధ్య జేబులో వేలు పెట్టి చక్రం తిప్పుకుంటున్నాడు. పక్కన ఆమోసు గారు ఆ చెయ్యి వంక గుడ్లురిమి చూడ్డం నేను ఇటు ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తూనే ఉన్నాను.

ప్రకటనలు చదవడానికి ఆమోసు గారు లేచాడు. స్త్రీల సమాజం కూడిక ఎప్పుడో చెప్పాడు, మేడ మీద రేకుల పని సంగతి చెప్పాడు. చెప్పి, కళ్ళజోడు తీశాడు.

"ఇంకో మాట. ప్రభువు సన్నిధిలో కూర్చుని చెవిలో వైరు పెట్టుకుని క్రికెట్ కామెంటరీ వినే పెద్దలున్నారు మన సంఘంలో. పెద్దల కమిటీలో ఉన్నవాళ్ళే అలా చేస్తే కుర్రాళ్ళకి మనమేం చెబుతాం?"

సంఘమంతా మా ఆయన వైపు తిరిగింది. ఆయన చెయ్యి జేబుని గట్టిగా మూసింది. ఒక్క మాట, ఇది రేడియో కాదు బాబూ అని ఒక్క మాట అంటే అయిపోను. మెల్లగా లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పయిందండీ" అన్నాడు. "స్కోరు... స్కోరు చూసుకుంటున్నాను."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. చెవిటితనం ఒప్పుకోలేక దేవుడి ఎదుట అబద్ధమాడతాడా! అసలు క్రికెట్లో ఎంతమంది ఆడతారో కూడా తెలియని మనిషి. నేను లేచి నిలబడ్డాను. నాలుగేళ్ళుగా అరిచి అరిచి నా గొంతు ఎలాగూ మైకు అడగదు.

"స్కోరూ లేదు, పాడూ లేదు! ఆయనకి చెవులు వినపడవు. అది చెవి మిషను! వాక్యం వినపడక, వినాలని పెట్టుకున్నాడు. అంతే!"

చర్చిలో చప్పుడు ఆగిపోయింది. మా ఆయన నా వంక చూసిన చూపు ఎలా ఉందంటే, ఇంక ఈ జన్మలో నాతో మాట్లాడడేమో అనుకున్నాను. ఆ నిశ్శబ్దంలో ఆమోసు గారు పక్కాయన వైపు వంగి, "ఏంటీ, ఏమంటోంది ఆవిడ?" అని అడిగాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత సంఘమంతా నవ్వింది. పాస్టరు గారు దీవెన ప్రార్థన మొదలుపెట్టాడు గానీ ఆయన గొంతులోనూ నవ్వే.

ఆరాధనయ్యాక ఆవరణలో మా ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులు వేసుకుంటున్నాడు. నేను నాలుగడుగులు వెనక నిలబడ్డాను, దగ్గరికెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. ముందుగా వచ్చింది ఎవరనుకున్నారు? ఆమోసు గారే. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాననుకుని గట్టిగానే, "ఎంతయిందయ్యా?" అన్నాడు.

మా ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. కానీ అడిగింది "ఎంత" అని. ఎంత అని అడిగినవాడికి జవాబు చెప్పకుండా ఉండటం ఆయన వల్ల అయ్యే పనా? "పద్దెనిమిది వందలండీ" అన్నాడు. ఈలోగా ఇంకో ముసలాయన వచ్చాడు, పెద్ద కళ్ళద్దాలావిడ ఒకావిడ వచ్చింది, కోడలు తోడుగా ఇంకొకావిడ వచ్చింది. ఇంతకాలం ఈయనకి ఒక్కరూ కనపడని జనం, ఇక్కడే, పక్క బెంచీల్లోనే ఉన్నారు. అయిదు నిమిషాల్లో ఈయన జేబులోంచి డబ్బా తీసి చూపిస్తూ మహా హుషారుగా చెప్పేస్తున్నాడు. వైరున్నది ఎంత, లేనిది ఎంత, బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుంది. కోపం ఎటు పోయిందో!

"ఇంకో కిటుకు చెబుతాను వినండి. నేను ఇంట్లో ఉన్నప్పుడు తీసేస్తాను. బ్యాటరీ రెండింతలు వస్తుంది. అయినా ఇంట్లో వినడానికి ఏముంటుంది చెప్పండి?"

నేల వంక చూస్తూ, అలవాటుగా, నాలో నేను గొణుక్కున్నాను. ఈ నాలుగేళ్ళలో ఆయన వెనక నిలబడి నేను గొణగని మాట లేదు, ఆయనకి వినపడ్డదీ లేదు.

"ఏముంటుందట, ఏముంటుంది! పెళ్ళాం కన్ను పోతోందన్న మాట చెప్పుకోవడానికి కూడా దిక్కులేని కొంప."

"ఇప్పుడు బ్యాటరీ తలుపు ఇలా..." అంటున్న ఆయన అక్కడే ఆగిపోయాడు. డబ్బా చేతిలో ఉంది, వైరు చెవిలో ఉంది. వెనక్కి తిరిగాడు.

"ఏ కన్ను?"

ఎడమ కన్ను చూపించాను.

"మరి ఆ బ్యాటరీ ఎక్కడ దొరుకుద్దయ్యా?" అని ఆమోసు గారు అడుగుతున్నాడు. మా ఆయన జవాబు చెప్పలేదు. గుంపు మధ్య నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళినాడు తప్ప చర్చి ఆవరణలో ఆయన నా చెయ్యి పట్టుకున్నది లేదు. గేటు దాటాక వెళ్తున్న ఆటోని ఆపాడు. ఎంత అని అడగలేదు. నన్ను ముందెక్కించి, తను ఎక్కాడు.

"ఎక్కడికండీ?" అన్నాడు ఆటో అబ్బాయి.

"కంటాసుపత్రికి."

"ఏ ఆసుపత్రికండీ? చాలా ఉన్నాయి కదండీ. ఆదివారం కూడాను."

"ఏదైనా సరే. తెరిచి ఉన్నది ఏది ముందొస్తే అక్కడాపు."

ఆటో బందరు రోడ్డెక్కింది. హారన్లు, బస్సులు, ఒకటే రొద. ఆయన డబ్బా నా నోటి దగ్గరికి తెచ్చి పట్టుకున్నాడు. మాట వినేది ఆ డబ్బాయే మరి.

"ఎప్పట్నుంచి?"

"నాలుగు నెలలు."

"నాకెందుకు చెప్పలేదు అమలా?"

"చెప్పానండీ" అన్నాను. "రోజూ చెప్పాను. మీరు పేపరు చదువుకుంటుంటే పక్కన కూర్చుని మెల్లగా చెప్పేదాన్ని. కన్ను మసగ్గా ఉందండీ, భయంగా ఉందండీ అని. మీరు తలూపేవారు."

ఆయన కళ్ళు తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఎత్తాడు గానీ డబ్బా పట్టుకున్న చెయ్యి మాత్రం నా నోటి దగ్గర నుంచి తియ్యలేదు. తర్వాత బొటనవేలితో చక్రం పూర్తిగా పైకి తిప్పాడు.

"మళ్ళీ చెప్పు" అన్నాడు.

గొంతు పెంచకుండా, మొదట్నుంచీ చెప్పాను.